కొత్త బ్యాటరీ వేసినా రెండున్నర గంటలే: ఒక ల్యాప్‌టాప్ కేసు

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలికి నడిచి వెళ్లేంత దూరంలో నాకు ల్యాప్‌టాప్‌లు బాగుచేసే చిన్న దుకాణం ఉంది. ఈ కేసులో నేను ఒకసారి పూర్తిగా పొరబడ్డాను, రెండోసారి సగం పని చేసి చాలనుకోబోయాను. రాయాలనిపించింది అందుకే. ల్యాప్‌టాప్ ఎవరిదో పోల్చుకునే వీలు లేకుండా సంస్థ పేరు, సర్వే పేరు, మండలం, యంత్రం తయారీ వివరాలు వదిలేశాను. దాన్ని తెచ్చిన అమ్మాయి అనుమతితోనే రాస్తున్నాను. అంకెలు మాత్రం నా దుకాణం పుస్తకంలో అప్పటికప్పుడు రాసుకున్నవి.

నేపథ్యం

ఆమెది ఇంటింటికీ తిరిగి వివరాలు నమోదు చేసే ఉద్యోగం. పొద్దున్నే శ్రీకాకుళంలో బస్సెక్కి ఉద్దానం వైపు వెళుతుంది. ప్రయాణమే రెండు గంటలు దాటుతుంది. పది నుంచి రెండు దాకా ఊళ్లో పని. అరుగు మీదో, కొబ్బరి చెట్టు నీడనో కూర్చుని వివరాలు ఎక్కించాలి, ఇంటి ఫొటో చేర్చాలి, ఫోను హాట్‌స్పాట్ పెట్టుకుని పంపాలి. ఛార్జర్ సంచిలోనే ఉంటుంది, కానీ తీయదు. “ఇంటికి వెళ్లి రేషన్ కార్డు చూపించమనడమే వాళ్లకు ఇబ్బంది. ఆపైన ప్లగ్గు ఎక్కడుందని అడగాలంటే మొహం చెల్లదు అన్నయ్యా” అంది.

అంటే ఆమెకు కావలసింది నాలుగు గంటలు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు ఉద్దానంలో కొబ్బరి తోటలు, జీడి తోటలు నేలకొరిగి రోజుల తరబడి కరెంటు లేకుండా పోయింది. అప్పటినుంచి ఆ వైపు నుంచి వచ్చేవాళ్లు ల్యాప్‌టాప్ ఎంత వేగంగా నడుస్తుందని అడగడం తగ్గించారు. ఎంతసేపు నిలుస్తుందని అడుగుతారు. కాబట్టి బ్యాటరీ గొడవను నేను చిన్న విషయంగా తీసుకోను.

యంత్రం వయసు రెండేళ్లు. విండోస్ 11. కొన్న కొత్తలో ఐదారు గంటలు వచ్చేదట. గత ఆరేడు నెలలుగా కొంచెం కొంచెంగా తగ్గుతూ గంటా ముప్పావుకు దిగింది. వేరే దుకాణంలో చూపిస్తే బ్యాటరీ అయిపోయిందని చెప్పి 4,200 రూపాయలకు కొత్తది వేశారు. కొత్తది వేశాక రెండు గంటల ఇరవై ఐదు నిమిషాలు వస్తోంది. నాలుగు వేలు పోసి నలభై నిమిషాలు కొనుక్కున్నట్టయింది.

ఆ దుకాణం వాళ్లను నేను తప్పుపట్టను. బ్యాటరీ ముసలిదైతే కూడా ఇలాగే నెలనెలా మెల్లగా తగ్గుతుంది. ఆ లక్షణం చూసి ఆ మాట చెప్పడంలో వింత లేదు. వాళ్ల స్థానంలో ఉంటే నేనూ అదే చెప్పేవాణ్ణేమో.

మొదట చేసినది, అది ఎందుకు పనికిరాలేదు

కొత్త బ్యాటరీ నాసిరకమేమో చూద్దామని మొదట కమాండ్ ప్రాంప్ట్ (ఆదేశాలు టైపు చేసే కిటికీ) తెరిచి పవర్‌సీఎఫ్‌జీ (powercfg) ఆదేశంతో బ్యాటరీ రిపోర్టు తీశాను. విండోస్ ఉన్న ప్రతి ల్యాప్‌టాప్‌లోనూ ఇది ఉంటుంది, పైసా ఖర్చు లేదు. బ్యాటరీని ఎంతకు తయారుచేశారు, ఇప్పుడు నిండా ఛార్జ్ చేస్తే ఎంత పడుతోంది అన్న రెండు అంకెలు మిల్లీవాట్-అవర్లలో చూపిస్తుంది. ఈ బ్యాటరీ తయారీ అంకె 41,000. ఇప్పుడు పడుతున్నది 40,600. బ్యాటరీ బంగారంలా ఉంది.

అంటే తినేవాడు ఎవడో లోపల ఉన్నాడు. ఇక్కడిదాకా నా ఆలోచన సరిగానే నడిచింది. తర్వాతే దారి తప్పాను.

నడుస్తున్న ప్రోగ్రాముల పట్టిక చూపే టాస్క్ మేనేజర్ తెరిచి విద్యుత్ వినియోగం చూపే నిలువు వరుస ముందు కూర్చున్నాను. ప్రతి ప్రోగ్రాం ఎదురుగా ‘చాలా తక్కువ’ నుంచి ‘చాలా ఎక్కువ’ దాకా ఏదో ఒక మాట ఉంటుంది. అన్నీ ‘చాలా తక్కువ’లోనే ఉన్నాయి. బ్రౌజర్‌లో పదిహేను ట్యాబ్‌లు కనిపించాయి, సగం మూయించాను. యంత్రంతోపాటే లేచి కూర్చునే అనవసరపు ప్రోగ్రాములు ఆరింటిని ఆపాను. తెర వెలుతురు తగ్గించాను. ఛార్జర్ తీసి ఇరవై నిమిషాలు చూస్తే బ్యాటరీ దాదాపు 6.8 వాట్ల చొప్పున ఖర్చవుతోంది. 40,600 మిల్లీవాట్-అవర్లంటే 40.6 వాట్-అవర్లు. దాన్ని 6.8తో భాగిస్తే ఆరు గంటలకు కాస్త తక్కువ. బాగైపోయిందని చెప్పి పంపేశాను. డబ్బులు కూడా తీసుకున్నాను.

మూడో రోజుకు తిరిగి వచ్చింది. మళ్లీ రెండున్నర గంటలే.

నా తప్పు మీకు ఇప్పటికే తట్టి ఉండాలి. నేను కొలిచినప్పుడు ఆమె చేసే పని ఆ యంత్రంలో నడవడం లేదు. సర్వే ప్రోగ్రాం తెరవలేదు, ఫోను హాట్‌స్పాట్ లేదు. ఉన్నది నా దుకాణం వైఫై, నా టేబుల్, నా ఫ్యాను గాలి. కడుపునొప్పి అని వచ్చిన మనిషిని నిద్రలో ఉండగా పరీక్షించి ఏమీ లేదన్నట్టు చేశాను.

పనిలో ఉండగా చూడటం

రెండోసారి వచ్చినప్పుడు బ్యాటరీ రిపోర్టునే మళ్లీ తీసి, ఈసారి దాని కింది భాగం చదివాను. గత కొన్ని రోజుల్లో యంత్రం ఎప్పుడు ఛార్జర్ మీద ఉంది, ఎప్పుడు బ్యాటరీ మీద ఉంది, ఆ వేళకు ఎంత మిగిలింది అని గంటలు నిమిషాలతో సహా అందులో ఉంటుంది. ముందు రోజు ఉదయం 10:12కు 40,100. 11:24కు 20,300. డెబ్బై రెండు నిమిషాల్లో 19,800 పోయింది. లెక్కేస్తే 16.5 వాట్లు. నా టేబుల్ మీద 6.8, కొబ్బరి చెట్టు కింద 16.5. తేడా పది వాట్లకు కాస్త తక్కువ. ఈ పది ఎవరికి పోతున్నాయో తేల్చాలి. పట్టుకోవాల్సిన అంకె దొరికాక నాకు ధైర్యం వచ్చింది. ‘బ్యాటరీ తొందరగా అయిపోతోంది’ అన్న మాటను పట్టుకుని వెతికితే ఎటైనా పోవచ్చు, పది వాట్లను వెతకడానికి అన్ని దారులు ఉండవు.

ఈసారి ఆమెనే కూర్చోబెట్టి పని చేయించాను. ఆమె ఫోనుతోనే హాట్‌స్పాట్, తెర వెలుతురు ఊళ్లో పెట్టుకునేంత, ఛార్జర్ పక్కన పెట్టాం. పాత నమోదులనే ఒక్కొక్కటి తెరిచి సరిచూసి మూస్తూ పోయింది. ఫ్యాను చప్పుడు ఐదు నిమిషాల్లో మొదలైంది. టాస్క్ మేనేజర్‌లో పై వరుసలో యాంటీవైరస్, ‘ఎక్కువ’. దాని కింద ఆఫీసు ఫోల్డర్‌ను క్లౌడ్‌కు, అంటే ఇంటర్నెట్‌లో దాచే చోటుకు చేర్చే సింక్ ప్రోగ్రాం, ‘ఎక్కువ’కూ ‘మధ్యస్థం’కూ మధ్య ఊగుతోంది. సర్వే ప్రోగ్రాం ఎక్కడో అడుగున, ‘చాలా తక్కువ’.

దొంగ దొరికాడనుకున్నాను. యాంటీవైరస్ ఊరికే తిరుగుతోంది. పూర్తిగా ఆపితే యంత్రానికి రక్షణ ఉండదు కాబట్టి, సర్వే ప్రోగ్రాం ఫోల్డర్‌ను మాత్రం తనిఖీ నుంచి మినహాయించాను. ఇరవై నిమిషాలు మళ్లీ కొలిస్తే 13.2 వాట్లు. మూడు వాట్ల పైనే తగ్గింది. లెక్క ప్రకారం మూడు గంటలు దాటుతుంది. అప్పటికి మధ్యాహ్నం ఒంటిగంటన్నర, ఆకలేస్తోంది. ఇంకో ఇద్దరు బెంచీ మీద ఎదురు చూస్తున్నారు. ఇక్కడితో ఆపేద్దామని నిజంగానే అనిపించింది.

ఆపకపోవడానికి కారణం నా పనితనం కాదు. కూర్చున్నంతసేపూ ఆమె ఫోను చూసుకుంటూ విసుక్కుంటోంది. ఏమైందని అడిగితే, “రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాకు. మధ్యాహ్నానికే అయిపోతోంది. నేను సినిమాలు చూడను, ఏమీ చూడను. ఫోనులో ఏదో తేడా ఉన్నట్టుంది, అది కూడా మీరు చూస్తారా?” అంది. ఫోన్లు నేను చూడనని చెప్పబోయి ఆగాను. మొదటిసారి వచ్చినప్పుడు కూడా ఈ మాట అంది. బ్యాటరీకి సంబంధం లేదని అప్పుడు వినిపించుకోలేదు.

ఒకటిన్నర జీబీ రెండు గంటల్లో పోవాలంటే ఏదో ఒకటి ఆగకుండా పంపుతూనే ఉండాలి. విండోస్ సెట్టింగుల్లో గత ముప్పై రోజుల్లో ఏ ప్రోగ్రాం ఎంత ఇంటర్నెట్ వాడిందో చూపే పట్టిక ఉంది. సింక్ ప్రోగ్రాం ఎదురుగా 38 జీబీ కనిపించింది. ఆమె నెల మొత్తం చేసిన నమోదులు, ఫొటోలతో సహా, రెండు వందల ఎంబీ కూడా దాటవు. ఆ రెండు వందలు ముప్పై ఎనిమిది వేలు ఎలా అయ్యాయి?

మూడు పేర్లు, ఒకే ఫైలు

టాస్క్ మేనేజర్ మూసి రిసోర్స్ మానిటర్ తెరిచాను. అందులో డిస్క్ అనే భాగంలో ఏ ప్రోగ్రాం ఏ ఫైలును తాకుతోందో ఫైలు పేరుతో సహా కనిపిస్తుంది. తనిఖీ మినహాయింపును కాసేపు తీసేసి, ఆమెను పని కొనసాగించమని, నేను ఆ వరుసలు చూస్తూ కూర్చున్నాను.

సర్వే ప్రోగ్రాం ఒక ఫైలు రాసింది. ఒక్క క్షణం పైకి లేచి మళ్లీ అడుక్కు పోయింది. వెంటనే అదే ఫైలు పేరు యాంటీవైరస్ ఎదురుగా కనిపించింది, చదువుతోంది. ఆ వెంటనే సింక్ ప్రోగ్రాం ఎదురుగా, అదే ఫైలు. అవి రెండూ పనిలో ఉండగానే సర్వే ప్రోగ్రాం మళ్లీ లేచి అదే ఫైలును మళ్లీ రాసింది. గోడ గడియారం చూశాను. సరిగ్గా అర నిమిషం. మళ్లీ అర నిమిషానికి ఇంకోసారి.

ఫైలు పరిమాణం 180 ఎంబీ.

సంగతి ఇది. సర్వే ప్రోగ్రాం రాసినవాళ్లు మంచి ఉద్దేశంతోనే ఒక జాగ్రత్త పెట్టారు. నమోదులు పోకుండా ప్రతి ముప్పై సెకన్లకు మొత్తం డేటాకు ఒక నకలు తీస్తుంది. కొత్తగా చేర్చిన ముక్కకు కాదు, మొత్తానికి. ఆ నకలు పడే ఫోల్డర్ ఆఫీసువాళ్లు క్లౌడ్‌కు ముడిపెట్టిన ఫోల్డర్‌లోనే ఉంది. నకలు మారిందని సింక్ ప్రోగ్రాం గమనించి పంపడం మొదలుపెడుతుంది. హాట్‌స్పాట్ మీద 180 ఎంబీ అర నిమిషంలో పోదు. సగం కూడా పోకముందే కొత్త నకలు వస్తుంది, మళ్లీ మొదటినుంచి. కొత్త ఫైలు కాబట్టి యాంటీవైరస్ ప్రతిసారీ తనిఖీ చేయాలి, అది దాని ధర్మం. ప్రాసెసర్‌కు కునుకు తీసే అవకాశం లేదు, వైఫైకి విశ్రాంతి లేదు. తిలా పాపం తలా పిడికెడు.

బ్యాటరీ మెల్లమెల్లగా ఎందుకు తగ్గుతూ వచ్చిందో కూడా ఇక్కడే తేలింది. ఏడు నెలల క్రితం ఆ ఉద్యోగంలో చేరినప్పుడు డేటా ఫైలు కొద్ది ఎంబీలే. అప్పుడు నకలు తీస్తే ఎవరికీ నొప్పి లేదు. ఫొటోలు చేరే కొద్దీ అది లావెక్కింది, ఖర్చూ దాంతోపాటే పెరిగింది.

ఇక్కడ ఒక మాట. టాస్క్ మేనేజర్ మనకు అబద్ధం చెప్పలేదు. ల్యాప్‌టాప్‌లో ఒక్కో ప్రోగ్రాంకు ఒక్కో కరెంటు మీటరు ఉండదు. బ్యాటరీలో ఉండే చిప్ మొత్తం ఖర్చు ఒక్కటే చెప్పగలదు. ప్రాసెసర్‌ను, డిస్కును, నెట్‌వర్క్‌ను ఎవరు ఎంత వాడారన్నది చూసి విండోస్ అంచనాతో పంచుతుంది. యాంటీవైరస్ తనిఖీ చేసిన ఖర్చు యాంటీవైరస్ పేరునే పడుతుంది. ఆ తనిఖీ ఎవరివల్ల అవసరమైందో ఆ పట్టికకు తెలియదు. పెళ్లి విందులో ఎవరు ఎన్ని గారెలు తిన్నారో రాసి ఉంటుంది, ఆపకుండా వడ్డిస్తున్నది ఎవరో రాసి ఉండదు.

ఏది పనిచేసింది

ముందు సింక్ ప్రోగ్రాంను ఆపి చూశాను, కారణం నిజంగా అదేనా అని తేల్చుకోవడానికి. యాంటీవైరస్ మినహాయింపు, సింక్ ఆపడం రెండూ కలిపితే 9.1 వాట్లు. అలాగే వదిలేస్తే నాలుగున్నర గంటల దాకా వస్తుంది, ఆమెకు చాలు కూడా. కానీ ఆమె నమోదులు రోజూ ఆఫీసుకు చేరే దారి అదొక్కటే. దాన్ని తెంపితే బ్యాటరీ బాగుపడి ఉద్యోగం పాడవుతుంది. యాంటీవైరస్ మినహాయింపూ నాకు నచ్చలేదు. పది ఊళ్లు తిరిగే యంత్రం, ఎవరెవరివో పెన్‌డ్రైవ్‌లు తగిలిస్తారు.

సర్వే ప్రోగ్రాం సెట్టింగుల్లో వెతికితే నకలు ఎంతసేపటికి తీయాలి, ఎక్కడ పెట్టాలి అన్న రెండు గళ్లు దొరికాయి. అయితే వాటిని నేను మార్చేయలేదు. అది ఆమె సొంత ప్రోగ్రాం కాదు, ఆఫీసుది. ఆమె పైఅధికారికి ఫోను చేయించి, విషయం వివరించి, ఆయన సరేనన్నాకే మార్చాను. వ్యవధి ముప్పై సెకన్ల నుంచి ముప్పై నిమిషాలకు. అర నిమిషానికి బదులు అరగంట పని పోయే ప్రమాదం ఉంటుందని ఆయనకు స్పష్టంగా చెప్పాను. అరగంటలో మూడు ఇళ్లు, మళ్లీ అడిగి రాసుకోవచ్చు అన్నారు. నకలు పడే చోటును క్లౌడ్‌కు సంబంధం లేని మామూలు ఫోల్డర్‌కు మార్చాను. సాయంత్రం ఇంటికి వచ్చి ఛార్జర్ తగిలించాక ఆ రోజు నకలు ఒక్కటి ఆమె సింక్ ఫోల్డర్‌లోకి వేస్తుంది. యాంటీవైరస్ మినహాయింపు తీసేశాను, సింక్ మళ్లీ నడిపించాను.

అదే పని, అదే హాట్‌స్పాట్, అదే వెలుతురు. 7.3 వాట్లు.

ఇంకొక చిన్న చిల్లు ఉంది. బస్సులో మూత వేసి సంచిలో పెట్టిన రెండు గంటల్లో తొమ్మిది శాతం పోతోంది, తీసేసరికి యంత్రం వెచ్చగా ఉంటోంది. కొత్త ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో మూత వేసినా అది పూర్తి నిద్ర కాదు, ఫోనులాగా కునుకే. పవర్‌సీఎఫ్‌జీలోనే ఉన్న స్లీప్ స్టడీ నివేదికలో ఆ రెండు గంటలు ఎర్ర గీతగా కనిపించాయి. మూత వేస్తే హైబర్నేట్ అయ్యేలా, అంటే ఉన్నది ఉన్నట్టు డిస్కులో దాచుకుని పూర్తిగా ఆగిపోయేలా మార్చాను. తెరిచినప్పుడు ఇరవై సెకన్లు ఆగాలి. ఆ ఇరవై సెకన్లలో మంచినీళ్లు తాగుతానంది.

వారం తర్వాత ఫోను చేసింది. రెండింటికి పని ముగిసేసరికి ముప్పై శాతం దగ్గర మిగులుతోంది. ప్యాకు సాయంత్రం దాకా వస్తోంది.

ఇప్పుడు నేను మార్చుకున్నవి

బ్యాటరీ ఫిర్యాదుతో వచ్చినవాళ్లను ఇప్పుడు మూడు ప్రశ్నలు అడుగుతున్నాను. యంత్రం ఏ పనిలో ఉండగా తొందరగా అయిపోతోంది, ఆ పని ఇక్కడ కూర్చుని చేసి చూపించగలరా, ఇదే కాలంలో ఇంకేమైనా తేడా వచ్చిందా. మూడోదానికి వచ్చే జవాబులు విచిత్రంగా ఉంటాయి. ఫోను ప్యాకు, ఫ్యాను చప్పుడు, ఒడిలో పెట్టుకుంటే కాళ్లు కాలడం. ఏదీ కొట్టిపారేయడం లేదు. కొలిచేటప్పుడు వాట్లు రాసుకుంటున్నాను, శాతాలు కాదు. పాత బ్యాటరీ యాభై శాతం, కొత్త బ్యాటరీ యాభై శాతం ఒకటి కావు, ఒక వాటు మాత్రం ఎక్కడైనా ఒక వాటే. ఒక మార్పు చేశాక కొలవందే రెండోది చేయడం లేదు. మొదటిసారి ఆరు ప్రోగ్రాములు ఒకేసారి ఆపి, దేనివల్ల ఏమైందో తెలియకుండా చేసుకున్నది నేనే. పట్టికలో పై వరుసలో ఉన్న పేరును ఆపే ముందు, అది ఏ ఫైలును పట్టుకుని ఉందో చూస్తున్నాను. ఊరికే తిరిగే యాంటీవైరస్ ఇప్పటిదాకా నాకు దాదాపు కనబడలేదు, దాన్ని ఎవరో ఒకరు తిప్పుతూనే ఉంటారు.

యంత్రం తీసుకుపోయిన రోజు ఒక సంభాషణ జరిగింది. బ్యాటరీ రిపోర్టులో వారంవారీ చరిత్ర కూడా ఉంటుంది, పాత బ్యాటరీ కాలం నాటి అంకెలతో సహా. తీసేసే నాటికి దానికి నిండా పడుతున్నది 29,000. అరిగింది నిజమే, మూడో వంతుకు దగ్గరగా. ఆమె ఆ వరుస మీద వేలు పెట్టి అడిగింది.

“ఈ లెక్కన పాత బ్యాటరీయే ఉండి ఉంటే ఎంత వచ్చేది అన్నయ్యా?”

క్యాలిక్యులేటర్ తీసి 29ని 7.3తో భాగించాను. మూడు పాయింట్ తొమ్మిది ఏడు.

“నాలుగు గంటలు” అన్నాను.

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “ఆ లెక్క ఒక కాగితం మీద రాసివ్వండి” అని చేయి చాపింది.